పెంపుడు పిల్లి, పెరటి మట్టి: విస్తరణ బోధనలో విడిచిపెట్టిన అంశం

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లి ఉండరాదన్న మాట కొన్నేళ్లుగా మన పట్టణాల్లో గట్టిగానే వినబడుతున్నది. రక్తపరీక్షల కాగితంలో టాక్సోప్లాస్మా అన్న పేరు కనబడిన మరునాడే, ఏళ్ల తరబడి పెంచుకున్న పిల్లిని గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలివచ్చే కుటుంబాలున్నాయి. అదే వేళకు షేడ్‌నెట్ కింద వంగ నారుమడిలో ఒట్టి చేతులతో కలుపు తీసి, నామమాత్రంగా చేతులు తడుపుకొని సద్దిమూట విప్పుకొనే గర్భిణి కూలీకి ఈ పేరు ఎవరూ చెప్పడం లేదు. హెచ్చరిక అవసరమైన చోట మౌనం, అంతగా అవసరం లేని చోట భయం నెలకొన్నాయి. ఇందుకు వైద్యరంగాన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. మట్టి గురించి, ఎరువు గురించి, నారుమడి గురించి రైతు కుటుంబాలతో మాట్లాడే బాధ్యత వ్యవసాయ విస్తరణ వ్యవస్థది. పిల్లి నుంచి మనిషికి సోకే పరాన్నజీవులలో ముఖ్యమైనవి చాలావరకు మట్టి మీదుగానే మనిషిని చేరుతాయి. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే, విషయం పశువైద్యుల పరిధిలోనిదో ప్రసూతి వైద్యుల పరిధిలోనిదో అని తప్పుకొనే వీలు వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఉండదు.

టాక్సోప్లాస్మా గోండీ అనే ఏకకణ పరాన్నజీవిని 1908లో ట్యునిస్ నగరంలోని పాశ్చర్ సంస్థలో చార్లెస్ నికోల్, లూయీ మాన్సో అనే శాస్త్రవేత్తలు గుండి అనే ఎలుకజాతి జంతువులో గుర్తించారు. అదే ఏడాది బ్రెజిల్‌లో ఆల్ఫోన్సో స్ప్లెండోర్ దీనిని కుందేలులో చూశారు. గోండీ అన్న మాట ఆ జంతువు పేరు నుంచి వచ్చినదే తప్ప మన ఆదిలాబాదు గోండులతో దానికి ఏ సంబంధమూ లేదు. విద్యార్థులకు ఈ మాట ఒకసారి చెప్పడం మంచిది. పరాన్నజీవి దొరికింది గాని అది ఒక ప్రాణి నుంచి మరొక ప్రాణికి ఎలా చేరుతుందన్నది ఆ తరువాత అరవై ఏళ్ల వరకు పూర్తిగా తేలలేదు. సరిగా ఉడకని మాంసం ఒక మార్గమని అర్థమైంది. కాని గడ్డి మేసే గొర్రెకు, మాంసం ముట్టని మనిషికి ఎలా సోకుతున్నట్లు? బొంబాయిలో శాకాహారుల, మాంసాహారుల రక్తనమూనాలను పరీక్షించి పోల్చిన ఫలితాలు 1959లోనే వెలువడ్డాయి. రెండు వర్గాలలోనూ ఈ పరాన్నజీవి సోకిన జాడలు కనిపించాయి. మాంసం కాని దారి ఒకటి ఉన్నదని ఆ పరిశీలన చెప్పకనే చెప్పింది.

ఆ దారిని 1965లో స్కాట్లాండుకు చెందిన విలియం హచిసన్ పిల్లి మలంలో పట్టుకొన్నారు. 1970 నాటికి పలు బృందాలు దానిని నిర్ధారించాయి. వాటిలో ఒకదానిలో భారతదేశంలో పుట్టిన పశువైద్య శాస్త్రవేత్త జితేందర్ దూబే ఉన్నారు. పరాన్నజీవి పిల్లి పేగులో లైంగిక దశ పూర్తిచేసుకొని, గట్టి గోడ కలిగిన ఊసిస్టుల రూపంలో మలం వెంట బయటికి వస్తుంది. ఈ దశ పిల్లి కుటుంబపు జంతువులలో తప్ప మరెక్కడా జరగదు. మనిషి, గొర్రె, మేక, పంది, కోడి, ఎలుక అన్నీ మాధ్యమిక అతిథేయులే; వాటి కండరాల్లోను, మెదడులోను ఇది తిత్తులుగా నిలిచిపోతుంది. పసిఫిక్ మహాసముద్రంలోని పగడపు దీవుల ప్రజలను పరీక్షించిన గోర్డన్ వాలెస్ 1969లో ప్రకటించిన ఫలితాలు కూడా ఇందుకు సరిపోయాయి. పిల్లులు లేని దీవిలో మనుషులకు ఈ సంక్రమణ దాదాపు లేదు.

ఇంతవరకు చదివినవారు పిల్లిని దోషిగా నిలబెట్టడం సహజమే. అయితే ఈ జీవిత చక్రంలోని మూడు వివరాలు తీర్పును మార్చివేస్తాయి. సాధారణంగా పిల్లి తన జీవితంలో ఒక్కసారే, తొలిసారి సోకినప్పుడు మాత్రమే ఊసిస్టులను విసర్జిస్తుంది. ఆ విసర్జన కాలం ఒకటి నుంచి మూడు వారాలు. ఆ కొద్దికాలంలో కోట్ల సంఖ్యలో ఊసిస్టులు వెలువడతాయన్న మాట నిజమే. తరువాత పిల్లికి రోగనిరోధకత ఏర్పడి, మళ్లీ విసర్జించడం అరుదు. ఈ తొలి సంక్రమణ ఎక్కువగా వేట మొదలుపెట్టిన పిల్లి కూనలలోనే జరుగుతుంది. ఇక మూడవ వివరం అన్నిటికన్నా ముఖ్యమైనది. అప్పుడే విసర్జించిన మలం ఎవరికీ సోకదు. ఊసిస్టు గాలి తగులుతూ ఒకటి నుంచి ఐదు రోజులు బయట ఉంటేనే సోకే శక్తిని పొందుతుంది. ఇంట్లోనే ఉండి, ఉడికించిన ఆహారమో తయారుగా దొరికే దాణానో తినే పెద్ద పిల్లిని ఒడిలో కూర్చోబెట్టుకొన్నంత మాత్రాన టాక్సోప్లాస్మా రాదు. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే చాలునన్న నమ్మకం మన పల్లెల్లో ఉన్నది. తన ఒళ్లు తానే నాకి శుభ్రం చేసుకొనే జంతువు వెంట్రుకల మీద మలం రోజుల తరబడి నిలిచి పక్వం కావడం జరిగే పని కాదు. లిట్టర్ ట్రేను ఏ రోజుకారోజు ఖాళీ చేస్తే ఊసిస్టు సోకే దశకు చేరకముందే బయటికి పోతుంది. ఆ పనిని గర్భిణి కాక ఇంట్లో మరొకరు చేస్తే సరిపోతుంది.

ఐరోపాలోని నేపుల్స్, మిలన్, లొసాన్, బ్రస్సెల్స్, కోపెన్‌హాగెన్, ఓస్లో నగరాలలో గర్భిణులపై జరిగిన పరిశీలన 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సంక్రమణలలో 30 నుంచి 63 శాతం సరిగా ఉడకని మాంసం వల్ల, 6 నుంచి 17 శాతం మట్టితో సంపర్కం వల్ల కలిగినట్లు అందులో తేలింది. ఇంట్లో పిల్లి ఉండడం ముప్పును పెంచే అంశంగా కనబడలేదు. ఈ అంకెలను యథాతథంగా మన ప్రాంతానికి తెచ్చుకోవడం మాత్రం సరికాదు. ఐరోపావారు మాంసాన్ని పచ్చిగానో సగం ఉడికించో తినే అలవాటు కలవారు. మన వంటింట్లో మాంసం పులుసులో మెత్తగా ఉడకనిదే పళ్లెంలోకి రాదు. కండరంలోని తిత్తులు 67 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి చనిపోతాయి. అందువల్ల మన దగ్గర మాంసం వాటా తగ్గి, మట్టి, నీరు, పచ్చి కూరగాయల వాటా పెరుగుతుందని ఊహించడం తర్కానికి నిలుస్తుంది. మాంసం కోసే కత్తిపీట మీదనే టమాటా, కీరదోస కోసే అలవాటు ఉన్న ఇళ్లను దీని నుంచి మినహాయించాలి.

నీటి సంగతికి మన పొరుగునే ఉదాహరణ ఉన్నది. 2004-05లో కోయంబత్తూరులో కంటి టాక్సోప్లాస్మోసిస్ ఒక్కసారిగా విజృంభించింది. 248 మంది రోగుల వివరాలు నేత్రవైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి. పురపాలక నీటి సరఫరా మీదనే వైద్యుల అనుమానం నిలిచింది. కెనడాలోని విక్టోరియా నగరంలో 1995లో ఇటువంటిదే జరిగినప్పుడు కూడా జలాశయమే కారణమని తేల్చారు. దాని పరీవాహక ప్రాంతంలో పెంపుడు పిల్లులతో పాటు కూగర్ అనే అడవి పిల్లిజాతి జంతువులు తిరిగేవి. తాగునీటిలో కలిపే క్లోరిన్ ఊసిస్టును చంపలేదు. మరిగించడం, సన్నని రంధ్రాల వడపోత మాత్రమే పనిచేస్తాయి. ఊరి చెరువు గట్టున, తాగునీటి బావి చుట్టూ ఉన్న మట్టి వాననీటితో ఎటు కొట్టుకుపోతుందన్నది వాటర్‌షెడ్ పథకాల్లో పనిచేసే వ్యవసాయ సిబ్బందికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇక మట్టి. పిల్లి తన మలాన్ని కప్పిపెట్టే జంతువు. అందుకు గట్టి నేలను ఎన్నుకోదు. గుల్లగా, సన్నగా, పొడిగా ఉండి గోళ్లకు తేలికగా లొంగే మట్టిని వెదుకుతుంది. ఇంటి నిర్మాణానికి తెచ్చిన ఇసుక కుప్ప, అప్పుడే దున్ని గింజ చల్లిన నారుమడి, ఎత్తు మడుల మీద వేసిన ఆకుకూరలు, ప్రోట్రేలు నింపడానికి పోసిన కొబ్బరిపొట్టు, మిద్దె మీది కుండీలు దాని దృష్టిలో ఒకటే. నేలను గుల్లబరచాలని, తేమ నిలిచేలా మల్చింగ్ చేయాలని, నీడ కల్పించాలని రైతుకు బోధించే శాస్త్రం తెలియకుండానే పిల్లికి అనువైన మరుగుదొడ్డిని, ఊసిస్టుకు అనువైన నివాసాన్ని ఒకే చోట సిద్ధం చేస్తున్నది. దీని అర్థం ఆ పద్ధతులు తప్పని కాదు. వాటికి ఒక చిన్న జాగ్రత్త జోడించవలసి ఉన్నదని మాత్రమే.

తేమ గల చల్లని మట్టిలో ఊసిస్టు ఏడాదికి పైగా బతుకుతుంది. వేడిమి విషయంలో దూబే 1998లో ప్రకటించిన ప్రయోగశాల ఫలితాలు వ్యవసాయ శాస్త్రవేత్తకు ఎంతో ఉపయోగపడేవి. నీటిలో ఉంచిన ఊసిస్టులు 10 నుంచి 25 డిగ్రీల వద్ద 200 రోజులు సోకే శక్తిని నిలుపుకొన్నాయి. 35 డిగ్రీల వద్ద 32 రోజులు, 40 డిగ్రీల వద్ద 9 రోజులు, 45 డిగ్రీల వద్ద ఒక రోజు నిలిచాయి. 55 డిగ్రీల వద్ద 2 నిమిషాలలో, 60 డిగ్రీల వద్ద ఒక్క నిమిషంలో నశించాయి. రోహిణి కార్తెలో ఏ నీడా లేని ఎర్రనేల ఉపరితలం మీద అరికాలు పెట్టి చూసినవారికి ఈ అంకెల అర్థం వేరే చెప్పనక్కరలేదు. మన వేసవి బీడునేల పైపొరలో ఊసిస్టు ఎక్కువ రోజులు నిలవడం కష్టం. ముప్పు ఉన్నది బీడులో కాదు. నీటివసతి, నీడ, మల్చింగ్ ఉన్న, అందరూ ముద్దుగా చూసుకొనే పెరటి మడిలో, నర్సరీలో. శీతాకాలపు ఆకుకూరల మడిలో అది మరింత ఎక్కువ. మన విస్తరణ సిబ్బంది మహిళా సంఘాల చేత అభివృద్ధి చేయిస్తున్న పెరటి తోటలు సరిగ్గా ఈ కోవలోనివే.

ఎరువుల విషయంలో ఒక తేడాను బోధనలో స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. కుప్పగా పేర్చి, తిరగవేస్తూ సక్రమంగా చేసిన కంపోస్టులో వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరి కొన్ని రోజులు నిలుస్తుంది. ఆ వేడిలో కలుపు గింజలతో పాటు ఊసిస్టులూ ఏలికపాము గుడ్లూ నశిస్తాయి. వర్మీకంపోస్టు అటువంటిది కాదు. వానపాము బతకాలంటే తొట్టి చల్లగా, తేమగా, నీడలో ఉండాలి. ఆ చల్లదనంలో ఊసిస్టుకు ఏ హానీ జరగదు. పైగా ఊసిస్టులను వానపాములు మట్టితో పాటు మింగి వేరే చోటికి మోసుకుపోగలవు. వర్మీకంపోస్టును కంపోస్టుకన్నా మేలైనదిగా చెప్పే అలవాటు మన కరపత్రాలలో బలంగా ఉన్నది. పోషకాల లెక్కలో ఆ మాటకు ఆధారముండవచ్చు గాని సూక్ష్మజీవుల రీత్యా శుభ్రమైనదన్న భరోసా దానికి జోడించరాదు. తొట్టిలో వేసే పేడను, చెత్తను ముందు కొన్ని వారాలు కుప్పగా పేర్చి వేడెక్కనిచ్చి తరువాత వానపాములను వదలడం, తొట్టి మీద గోనెపట్టాలతో పాటు సన్నకన్నుల వైరుమెష్ మూత బిగించడం అనే రెండు పనులు చేస్తే సమస్య చాలావరకు తీరుతుంది. అయ్యే ఖర్చు ఒక మెష్ ముక్క ధర.

నారుమడికి మనవద్ద ఇంకొక సాధనం సిద్ధంగా ఉన్నది. నారుకుళ్లు, నులిపురుగులు, కలుపు నివారణకు ఏప్రిల్, మే నెలల్లో మడిని తడిపి, పలుచని పారదర్శక పాలిథీన్ పట్టా కప్పి, అంచులను మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండకు వదలమని దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాము. పట్టా కింద పై 5 సెంటీమీటర్ల మట్టిలో వేడి 50 డిగ్రీలు దాటడం మన వేసవిలో అసాధారణం కాదు. 40 డిగ్రీలకే తొమ్మిది రోజులు దాటి నిలవడం కష్టమయ్యే జీవి, రోజుకు కొన్ని గంటల చొప్పున అంతకు మించిన వేడిని నెల రోజులు తట్టుకొంటుందా అన్నది పరీక్షించదగిన ప్రశ్న. వ్యవసాయ కళాశాల, పశువైద్య కళాశాల విద్యార్థులు కలిసి ఒకే వేసవిలో చేయగల పరిశోధన ఇది. మట్టి లోతు, తేమ, పట్టా మందం మారినప్పుడు వేడి ఎలా మారుతుందో నమోదు చేసే పనిముట్లు ప్రతి వ్యవసాయ వాతావరణ విభాగంలోనూ ఉన్నాయి. ఇటువంటి పరిశోధనలకు స్నాతకోత్తర స్థాయిలో అంశాలు దొరకడం లేదన్న ఫిర్యాదు వినబడుతుండగా, పాత అంశాల మీదనే మరొక నత్రజని మోతాదు ప్రయోగం చేయించడం ఎంతవరకు సమంజసమో ఆచార్యులే ఆలోచించాలి.

పిల్లి వల్ల వచ్చేది టాక్సోప్లాస్మా ఒక్కటే కాదు. పిల్లిలోని ఏలికపాము టాక్సోకారా కాటి గుడ్లు మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలలో పక్వమవుతాయి. మట్టిలో ఆడి చేయి నోట్లో పెట్టుకొనే పిల్లల పేగులో అవి పొదిగి, పిల్లలు కాలేయానికి, ఊపిరితిత్తులకు, ఒక్కోసారి కంటికి చేరుతాయి. తల్లిపాల ద్వారానే సోకడం వల్ల పిల్లి కూనలలో ఇది సర్వసాధారణం. కొంకిపురుగు పిల్లలు ఒట్టి పాదాల చర్మం తొలుచుకొని ప్రవేశిస్తాయి. కొన్ని జాతులు చర్మం కిందనే పాకుతూ దురద గీతలు మిగులుస్తాయి, ఆసియా ఖండపు జాతి ఆంకైలోస్టోమా సైలానికమ్ మాత్రం మనిషి పేగులో స్థిరపడి రక్తం పీల్చగలదు. పిల్లి బొచ్చులో గెంతే ఫ్లీ పురుగును పొరపాటున మింగిన పిల్లలకు బద్దెపురుగు సోకుతుంది. వీటికి పశువైద్యుడు సూచించిన కాలానికి పిల్లికి నట్టల మందు పట్టించడం, పొలంలో చెప్పులు, చేతి తొడుగులు వాడడం చాలు. టాక్సోప్లాస్మా విషయంలో నట్టల మందు పనికిరాదన్న తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి.

గొర్రెల కాపరులతో ఈ విషయం మాట్లాడకపోవడం మరింత పెద్ద లోపం. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండవ స్థానం. రెండు రాష్ట్రాలలో కలిపి మూడున్నర కోట్లకు పైగా ఉన్నాయి. చూడి గొర్రెకు తొలిసారి టాక్సోప్లాస్మా సోకితే అది ఈసుకుపోవచ్చు, లేదా చచ్చిన పిల్లనో బలహీనమైన పిల్లనో ఈనవచ్చు. న్యూజిలాండ్‌లో హార్ట్లీ, మార్షల్ 1957లోనే దీనిని గుర్తించారు. అక్కడే రూపొందిన టీకా 1988 నుంచి వాడుకలో ఉన్నది. మన దగ్గర గొర్రె ఈసుకుపోతే బ్రూసెల్లా అనో, మేత తేడా అనో, దిష్టి అనో సరిపెట్టుకొంటున్నారు. గడ్డివామి సందులో, దాణా గదిలో పిల్లి ఈనడం పల్లెల్లో రోజూ చూసేదే. వేట మొదలుపెట్టిన ఆ కూనలు దాణా మీద, ఎండుగడ్డి మీద విసర్జిస్తే ఆ మేత మొత్తం కలుషితమవుతుంది. దాణా గదికి తలుపు, పిండిమూటలకు మూత ఉంటే చాలు. ఈసుకుపోయిన పిండాన్ని, మావిని పొలంలో పారవేస్తే కుక్కలు, పిల్లులు తింటాయి; అక్కడ చక్రం మళ్లీ మొదలవుతుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. చూలుతో ఉన్న ఆడవారు గొర్రెల కాన్పుకు చేయి వేయరాదు. మంద కట్టే పొలాల్లో తిరిగే వ్యవసాయ విస్తరణాధికారి ఈ నాలుగు మాటలు చెప్పడానికి పశువైద్యుడి కోసం వేచి ఉండనక్కరలేదు.

అలాగని పిల్లులను ఊళ్ల నుంచి తరిమివేయమనడం అవివేకం. ధాన్యపు గాదెల వద్ద ఎలుకల మీద పిల్లి చేసే కాపలా రైతుకు ఉచితంగా దొరికే సేవ. ఎలుకల మూత్రం ద్వారా వరి పొలాల్లో వ్యాపించే లెప్టోస్పైరా జ్వరం ప్రాణాంతకమైనది. పిల్లి భయంతో ఎలుకలను పెంచుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. పిల్లిని ఒక ఊరి నుంచి వెళ్లగొడితే ఆ ఖాళీలోకి కొత్త కూనలు వస్తాయి. తొలి సంక్రమణకు సిద్ధంగా ఉన్నవి అవే. పిల్లులకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, ఉన్న పెద్ద పిల్లులను ఉంచుకోవడం ఊరికి మేలు. జింకు ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ ఎరలతో చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చిపెట్టమని మనం ఇచ్చే సలహా పిల్లిని విషం నుంచి కాపాడుతుంది, ఎలుక మాంసం ద్వారా దానికి టాక్సోప్లాస్మా చేరకుండానూ ఆపుతుంది. ఈ రెండవ ప్రయోజనాన్ని కూడా చెబితే సలహా పాటించేవారు పెరుగుతారు. టాక్సోప్లాస్మా సోకిన ఎలుకకు పిల్లి వాసనంటే భయం తగ్గుతుందని 2000లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించిన మాట వాస్తవమే. దాని ఆధారంగా ఈ పరాన్నజీవి మనుషుల మనసులను కూడా శాసిస్తున్నదంటూ సాగుతున్న ప్రచారానికి మాత్రం విస్తరణ వేదికలపై చోటు ఇవ్వరాదు. అది వినడానికి రుచిగా ఉంటుంది, పొలంలో చేతులు కడుక్కోవడానికి పనికిరాదు.

పరీక్షల విషయంలో విస్తరణ సిబ్బంది ఒక హద్దు పాటించాలి. 2014లో ప్రచురితమైన జాతీయ స్థాయి పరిశీలనలో సంతాన వయసు మహిళలలో దాదాపు 22 శాతం మందికి ఇదివరకే టాక్సోప్లాస్మా సోకి ఉన్నట్లు తేలింది. దక్షిణాదిలో అది 37 శాతం వరకు ఉన్నది. అంటే మిగిలినవారందరూ తొలి సంక్రమణకు గురయ్యే అవకాశమున్నవారే. గర్భధారణకు చాలా ముందే సోకినవారి శిశువుకు సాధారణంగా ముప్పు ఉండదు. గర్భం ధరించిన తరువాత తొలిసారి సోకితేనే ప్రమాదం. తొలి నెలల్లో శిశువుకు చేరే అవకాశం తక్కువ గాని చేరితే హాని తీవ్రం; చివరి నెలల్లో చేరే అవకాశం ఎక్కువ, హాని సాధారణంగా తక్కువ, కాని పుట్టిన ఏళ్ల తరువాత కంటిలో బయటపడవచ్చు. టార్చ్ అనే పేరుతో చేయించే పరీక్షల్లో ఐజీఎం పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన అది కొత్త సంక్రమణ అని అర్థం కాదు. ఆ ప్రతిదేహాలు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి మించి రక్తంలో ఉండిపోతాయి. అవిడిటీ పరీక్ష వంటి వాటితో నిర్ధారించుకోకుండా గర్భం తీయించుకొనే నిర్ణయాలు జరగడం ఈ అంశంలో అన్నిటికన్నా విషాదకరమైన భాగం. చికిత్సకు స్పైరామైసిన్ వంటి మందులున్నాయి. ఈ దశలో వ్యవసాయాధికారి చేయవలసింది ఆశా కార్యకర్త ద్వారా ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపడమే. సొంత అభిప్రాయం చెప్పడం కాదు.

ఇదంతా వ్యవసాయ విస్తరణ నెత్తిన మరొక భారమన్న అభ్యంతరం వస్తుంది. విస్తరణాధికారులపై యూరియా లెక్కలు, పంట నమోదు, పథకాల దరఖాస్తుల ఒత్తిడి ఎంత ఉన్నదో తెలియనిది కాదు. అయితే కోరుతున్నది కొత్త పథకం కాదు. నారుమడి పెంపకం మీద జరిగే ప్రతి శిక్షణలో ఐదు నిమిషాలు, వ్యవసాయ పంచాంగంలో కూరగాయల నర్సరీ గురించి రాసే చోట నాలుగు వాక్యాలు, వర్మీకంపోస్టు కరపత్రంలో మెష్ మూత బొమ్మ ఒకటి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవం కింద పల్లెల్లో నెలల పాటు ఉండే నాలుగవ సంవత్సరం విద్యార్థులు ఒక్కొక్కరు పది ఇళ్లలో పిల్లి ఎక్కడ తింటుందో, ఎక్కడ ఈనుతుందో, ఎక్కడ విసర్జిస్తుందో రాసుకువస్తే, ఏ జిల్లాలో ఏ మాట ముందు చెప్పాలో తెలుస్తుంది. పొలం గట్టున నీళ్ల బిందె పక్కన సబ్బుముక్క ఉంచమని మేస్త్రీకి చెప్పడం సాంకేతిక పరిజ్ఞాన బదిలీ కాదని ఎవరైనా అంటే, ఆ మాటకు నిర్వచనం మార్చుకోవలసింది మనమే.

మిద్దె తోటల సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో మిద్దె తోటలూ పెంపుడు పిల్లులూ కలిసే పెరుగుతున్నాయి. పిల్లి ట్రేలో వాడిన ఇసుకను, రంపపుపొట్టు గుళికలను మట్టిలో కలిసిపోయేవన్న నమ్మకంతో ఇంటి కంపోస్టు డబ్బాలో వేసేవారున్నారు. ఇరవై లీటర్ల బకెట్టులో చేసే కంపోస్టు 55 డిగ్రీల వేడికి చేరదు. ఆ పరిమాణానికి అంత వేడి నిలుపుకొనే శక్తి లేదు. ఆ ఎరువు చివరకు కొత్తిమీర, పుదీనా కుండీల్లోకి వెళుతుంది, ఆ ఆకులు పచ్చిగా పెరుగుపచ్చడిలోకి వస్తాయి. పిల్లి ఇసుకను సంచిలో కట్టి చెత్తబండికే ఇవ్వాలి. కుండీల మీద ముళ్ల పుల్లలో, గులకరాళ్లో పరిస్తే పిల్లి గోళ్లు మట్టిలో దిగవు. పచ్చిగా తినే ఆకులను పారే నీటిలో ఒక్కొక్క ఆకుగా రుద్ది కడగాలి. ఉప్పునీటిలో, వెనిగర్‌లో నానబెట్టి తీసినంత మాత్రాన ఊసిస్టు చావదు, నీటి ఒరిపిడికి ఊడిపోవడమే దానికి మిగిలిన దారి.